బల్లలో వేయని చెయ్యి

పోయిన నెల గిద్దలూరు నుంచి మార్కాపురం వెళ్తున్న బొగ్గుబస్సు కంభం దాటాక ఒక కొత్త శబ్దం మొదలుపెట్టింది. టిక్కు, టిక్కు, టిక్కు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటినుంచి మా వైపు బస్సులన్నీ వెనకాల బొగ్గుపొయ్యి కట్టుకొని దగ్గుతూనే నడుస్తున్నాయి గనుక మొదట ఎవరూ పట్టించుకోలేదు. కాని ఇది దగ్గు కాదు. ఎవరో గోడగడియారాన్ని ఇంజనులో పెట్టి మరిచిపోయినట్టుంది. డ్రైవరు బస్సు ఆపి, దిగి, బానెట్టు ఎత్తి తల లోపల పెట్టాడు.

"టాపెట్లు వదులైనాయి" అన్నాడు.

"టాపెట్లు మొన్ననే సరిచేసినారు గదన్నా" అన్నాడు క్లీనరు.

"అయితే నీ తలకాయ."

నేను దిగాను. ఎవరి దగ్గరైనా ఆముదం ఉందా అని అడిగాను. త్రిపురాంతకం పోతున్న ఒక ముసలమ్మ మూటలోంచి సీసా తీసింది. "తలకు పూసుకునేదయ్యా, బండికెందుకు?" అని గొణుక్కుంటూనే ఇచ్చింది. ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క ప్లగ్గు మొదట్లో ఒక్కొక్క బొట్టు వేయించాను. ఒకదాని దగ్గర మాత్రం ఆముదం చేపనోరులా తెరుచుకుంటూ మూసుకుంటూ బుడగలు కట్టింది. శబ్దం ఎప్పుడో బుడగా అప్పుడే. ఆ ప్లగ్గు బిగించారు. టిక్కు ఆగిపోయింది.

"ఈ విద్య యాడ నేర్చినారు అయ్యగారూ?" అన్నాడు డ్రైవరు, చేతులు తుడుచుకుంటూ.

"ఒకప్పుడు దొరగారి కారు నడిపినవాణ్ణిలే" అన్నాను.

బస్సంతా నన్ను మెచ్చుకుంది. ముసలమ్మ తన పక్కన కూర్చున్నామెకు నన్ను చూపించి ఏదో చెప్పింది. తర్లుపాడు వచ్చేదాకా నేను తల ఎత్తలేకపోయాను. నేను చెప్పిన మాటలో అబద్ధం లేదు. దొరగారి కారు నడిపిన మాట నిజమే. నా అబద్ధాలన్నీ ఇట్లాంటి నిజాలతోనే కట్టినవి. ఆ ఆముదం బొట్టు విద్య నాది కాదు. దాన్ని నాదని చెప్పుకోవడం ఇది మూడోసారి. పేతురు తన ప్రభువును ఎరగనని ఒక్క రాత్రిలో మూడుసార్లు బొంకి, కోడి కూయగానే ఏడ్చాడు. నాకు పదిహేడేళ్లు పట్టింది.

ఆ విద్య గల మనిషి పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పాడుచేసినవాణ్ణి నేనే. ఇప్పుడు దాన్ని రాసి పుణ్యం కట్టుకునే హక్కు నాకు లేదు. వరసకు మామ అవుతాడు. మా పల్లెలో వరస లేనివాళ్లు ఎవరున్నారు గనుక.

పొట్టి మనిషి. మనిషికి మించిన చెవులు. దేన్ని చూసినా రెండు వేళ్లతో తట్టి వినకుండా వదిలేవాడు కాదు. కుండ కొంటే తట్టేవాడు. గుమ్మడికాయను తట్టేవాడు. కొత్తగా కట్టిన గోడను తట్టి, "మేస్త్రీ, ఈడ నీ సున్నం తాగేసినట్టుందే" అనేవాడు. ఒకసారి నాకు జ్వరమొస్తే వీపు మీద తట్టి, చెవి ఆనించి, "లోపల నిమ్మేం లేదులే, వట్టి బద్ధకం" అని తేల్చాడు. మా అమ్మ ఆ మాట పట్టుకొని నన్ను ఆ పూటే కట్టెలకు పంపించింది.

ఆయన పని తోలుపని. చెప్పులు కుట్టేవాడు, మోటబొక్కెన్లు కుట్టేవాడు. అన్నిటికంటే బాగా కమ్మరి కొలిమితిత్తులు కుట్టేవాడు. హనుమంతునిపాడు నుంచి కూడా కమ్మర్లు తిత్తులు మోసుకొని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. కుట్టడం అయ్యాక కుట్టు పొడుగునా ఆముదం రాసి, తిత్తిని నొక్కి చూసేవాడు. ఎక్కడ గాలి కారుతుందో అక్కడ ఆముదం బుడగ కడుతుంది. "కన్నుకు కనపడని కంత కూడా ఆముదానికి కనపడతాది" అనేవాడు.

అంతకుముందు ఆయన డప్పు వాయించేవాడు. చుట్టుపక్కల జాతరలకు ఆయన డప్పే ముందు నడిచేదని మా నాయన చెప్పేవాడు. మా వాళ్లు క్రీస్తులోకి వచ్చినప్పుడు సంఘం ఒక కట్టడి పెట్టింది: డప్పు జాతర దేవతలది గనుక బాప్తిస్మం తీసుకునేవాడు ఇక దాన్ని ముట్టకూడదు, ముట్టితే బల్ల నుంచి ఆపేస్తారు. అంటే ప్రభువు బల్లలో చెయ్యి వేసి రొట్టె, రసం తీసుకోనివ్వరు. సంఘం ఎదుట నిలబడి తప్పు ఒప్పుకుంటేనే మళ్లీ చేర్చుకుంటారు. మా మామ బాప్తిస్మం నాడు తన డప్పును తానే తెచ్చి, చర్మం కోసి, చట్రాన్ని మంటలో వేశాడట. మంట అంటుకునేటప్పుడు ఆ చెక్క టపటపమంటే, "చూడండి, పోతా పోతా కూడా వాయిస్తాంది" అన్నాడట. అందరూ నవ్వారట, ఆయన తప్ప.

డప్పు పోయినా వేళ్లు పోలేదు. గుడిలో పాట ఎత్తుకోగానే ఆయన వేళ్లు మోకాలి మీద కదిలేవి. సంఘపెద్ద ఒకాయన కసిరితే, "నేను వాయించడంలా అన్నా. అవే కదులుతాండాయి. చెవి మర్చిపోతాది గాని చెయ్యి మర్చిపోదు" అనేవాడు.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. మిషను దొరగారి టాపు కారు నా చేతిలో ఉండేది. అది దొరగారి దగ్గరికి వచ్చేసరికే పాతది. నేను డ్రైవరునే గాని మనసంతా బైబిలు చెప్పే వేదపాఠశాల మీద ఉండేది. దొరగారు ఉత్తరం రాసిస్తే అక్కడ చేర్చుకుంటారు. చదివి బయటికి వస్తే సంఘానికి పాదిరి అయ్యగారిని అవుతాను. ప్రతి ఉదయం మోకరించి దాని కోసమే ప్రార్థన చేసేవాణ్ణి. అదే సమయంలో ఆ కారుకు టిక్కు పట్టుకుంది. ఊళ్లో బస్సులు బాగుచేసే మనిషి రెండుసార్లు టాపెట్లు సరిచేశాడు. పోలేదు. వచ్చే వారం దొరగారు అడవి దాటి సువార్త క్యాంపుకు పోవాలి. "దారిలో నిలిచిన యెడల నీవే బాధ్యుడవు" అని దొరగారు తన పుస్తకాల తెలుగులో చెప్పి, గుర్రమెక్కి పక్క పల్లెకు వెళ్లాడు.

అది శనివారం. మరునాడు బల్ల ఆదివారం. మామ కారు సీటుకు తోలు కుట్టడానికి పొద్దున్నే కాంపౌండుకు వచ్చాడు. నేను హ్యాండిలు తిప్పి ఇంజను వేశాను. ఆయన సూది ఆపేశాడు.

"ఏంది అల్లుడూ, దొర గుర్రం పండ్లు కొరుకుతాంది?"

"నువ్వు సీటు కుట్టు మామా. టాపెట్లు అవి."

"టాపెట్లో నీ అత్త గాజులో, ఉండు విననీ." లేచి వచ్చి కారు చుట్టూ తిరిగాడు. మడ్గార్డు మీద చెవి పెట్టాడు. "ఆపు" అన్నాడు. ఆపాను. "మళ్లా వెయ్యి." వేశాను. నాలుగైదుసార్లు అట్లే చేయించి, చివరికి అక్కడున్న కిరసనాయిలు ఖాళీ డబ్బాను ఒళ్లో పెట్టుకొని చతికిలబడ్డాడు. ఇంజను ఆపించి, డబ్బా మీద వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తాండావు మామా?"

"దాన్ని చేతికి ఎక్కించుకుంటాండా. చెవిలో నిలవదు." కొట్టాడు. నాలుగు దెబ్బలు, మూడో దెబ్బ వెనకాల చిన్న టిక్కు. నాలుగు దెబ్బలు, మూడోదాని వెనకాల టిక్కు. మెల్లగా, తర్వాత వేగంగా. అచ్చం మా ఇంజను పరిగెత్తినట్టే ఉంది. తోటమాలి వచ్చాడు. నీళ్లు మోసే ఆడవాళ్లు కడవలు దించి నిలబడ్డారు. తోటమాలికి ఏమి పూనిందో తలగుడ్డ తీసి రెండు అడుగులు వేశాడు. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఆ నవ్వుకే గేటు బయట పోతున్న సంఘపెద్ద తల తిప్పి చూశాడు. చూసి వెళ్లిపోయాడు. మామ ఆయన్ని చూడనేలేదు. కళ్లు మూసుకొని ఉన్నాడు.

జనం పోయాక కళ్లు తెరిచి, "నీ ఇంజన్లో ఎన్ని గుండెలు?" అన్నాడు.

"నాలుగు."

"మూడు మంచియి. ఒకటి గాలి కారుతాంది. కుట్టు విడిచిన తిత్తి ఇట్లనే అంటాది, నొక్కినప్పుడల్లా ఒకసారి. ఆ పైన నాలుగు బిరడాలు ఉండాయే, వాటి మొదట్లో చూడాల."

తన సంచిలోంచి ఆముదం బుడ్డి తీశాడు. కోడి ఈక ముంచి నాలుగు ప్లగ్గుల మొదట్లో నాలుగు బొట్లు వేశాడు. ఇంజను వేశాను. ఒక బొట్టు దగ్గర బుడగ లేచింది, పగిలింది, లేచింది. మేమిద్దరం వంగి, తలలు ఆనుకునేంత దగ్గరగా, దాన్ని చూస్తూ ఉండిపోయాం. ప్లగ్గు విప్పి చూస్తే కింద ఉండే రాగి ఉంగరం వెంట్రుకవాసి చిట్లి ఉంది. కొత్త ఉంగరం వేసి బిగించాను. కారు పిల్లిలా గురగురమంది.

"ఇంక నువ్వు బైబిలు బడికి పోతావులే" అన్నాడు మామ నవ్వుతూ, మళ్లీ సూది అందుకొని. "దొరకు చెప్పు, మా మామ చెవి పెట్టినాడని. రేపు బల్ల దగ్గర కూచున్నప్పుడు దొర నా పక్క చూస్తే చాలు నాకు."

మధ్యాహ్నం దొరగారు వచ్చాడు. ఇంజను విన్నాడు. "ఎవరు కనుగొనిరి?" అన్నాడు.

"నేనేనండి" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ముందుగా అనుకొని అన్నది కాదు. ఆయన ముఖంలో సంతోషం చూశాను. అది ఇంకొకరి మీదికి పోవడం ఇష్టం లేకపోయింది. ఆముదం సంగతి కూడా నా ఊహ అన్నట్టే వివరంగా చెప్పాను. దొరగారు నా భుజం మీద చెయ్యి వేసి, "నీకు వినుటకు చెవి అనుగ్రహింపబడినది" అన్నాడు. ఆ గంటలోనే ఉత్తరం రాసి నా చేతిలో పెట్టాడు. మామ సీటు కుట్టడం ముగించి అప్పటికే వెళ్లిపోయాడు.

పొద్దు ఇంకా గుంకకముందే గుడిలో ఆయత్తకూటం. బల్ల ఆదివారానికి ముందు సంఘం కూడి తన్ను తాను పరీక్షించుకునే కూటం అది. సంఘపెద్ద లేచాడు. మంచి మనిషే, కట్టడి అంటే ప్రాణం. మామను నిలబెట్టాడు.

"మిషను కాంపౌండులో, ఆయత్తం నాడు, పట్టపగలు దరువు కొట్టినావా లేదా?"

"కొట్టినా అన్నా. కారు కోసం కొట్టినా."

"కారుకు దరువేందిరా? కారేమన్నా జాతర చేస్తాందా?"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. "కాదన్నా, దానికి రోగమొచ్చింది. అది యాడ టిక్కుమంటాందో పట్టుకునేదానికి కొట్టినా. ఇడో, అల్లుడు ఆడనే ఉండాడు. అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. ముందు వరసలో దొరగారు కూడా తిరిగాడు. నా లోపలి జేబులో ఆయన ఉత్తరం ఉంది.

"చెప్పు నాయనా" అన్నాడు సంఘపెద్ద. "ఈయన దరువు కొట్టినాడా?"

"కొట్టినాడు."

"జనం ఆడినారా?"

"తోటమాలి రెండు అడుగులు వేసినాడు."

"కారు బాగుచేసింది ఈయనేనా?"

"కారు బాగుచేసింది నేను" అన్నాను. స్పానరు పట్టుకున్నది నేనే గదా. అది కూడా నిజమే.

మామ నన్ను చూశాడు. ఆ ముఖంలో కోపం ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. కుండ తట్టినప్పుడు లోపల బీట ఉన్నట్టు వినపడితే ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు. తర్వాత తల దించుకొని, "సరే అన్నా" అన్నాడు. ఆయన్ని బల్ల నుంచి ఆపేశారు.

ఆపబడినవాళ్లు మామూలుగా బల్ల ఆదివారాల్లో గుడికి రారు, సిగ్గుతో. ఈయన మాత్రం మానలేదు. మామూలు ఆదివారాల్లో ఏ ముతకపంచతోనో వచ్చేవాడు. బల్ల ఆదివారం నాడు తలస్నానం చేసి, ఉతికిన తెల్లబట్ట కట్టుకొని, పెండ్లికి వచ్చినట్టు వచ్చి తలుపు దగ్గర కూర్చునేవాడు. పళ్లెం ఆయన్ని దాటి పోయేది. పాట ఎత్తుకున్నప్పుడు ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకొని ఉండేవాడు. మోకాలి మీద వేళ్లు మళ్లీ కదలలేదు. "చూడు, ఆ పొగరు" అనేవాళ్లు కొందరు. నేనూ అట్లాగే అనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉండేది.

నేను చదివి, అయ్యగారినై, మొదటిసారి మా పల్లె గుడిలోనే బల్ల ఇవ్వడానికి వచ్చాను. ముందురోజు ఆయన ఇంటికి వెళ్లాను. తిత్తి కుడుతున్నాడు.

"మామా, రేపు సంఘం ఎదుట ఒక్క మాట ఒప్పుకో. నిన్ను చేర్చుకునే పూచీ నాది."

"ఏమని ఒప్పుకునేది అల్లుడా?"

"దరువు కొట్టినానని."

"అది ఆ పొద్దే ఒప్పుకున్నా గదా." సూది ఆపలేదు. "కొట్టింది సైతానుకని ఒప్పుకోమంటాండారు వాళ్లు. కొట్టనిది కొట్టినానని దేవుని ఇంట్లో చెప్పి, ఆ నోటితోనే రొట్టె తినాల్నా? అది గొంతు దిగుతాదా?" దారం కొరికి తెంపాడు. "నేను చెప్తే చెల్లదు. చెల్లేవాడు చెప్పాల."

"చూద్దాం మామా" అన్నాను.

"చూడు" అన్నాడు. వెళ్లేటప్పుడు మజ్జిగ ఇప్పించాడు. తాగాను.

మరునాడు తెల్లబట్ట కట్టుకొని తలుపు దగ్గర కూర్చున్నాడు. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి, అపాత్రంగా తినకండి అని నేను సంఘానికి గట్టిగా బోధించాను. పళ్లెం పట్టుకొని తలుపుదాకా నడిచాను. ఆయన చెయ్యి ఒడిలో ఉంది, అరచెయ్యి పైకి. నా నోట్లో ఆ మాట ఉంది. దొరగారు తన దేశం వెళ్లిపోయాడు, ఉత్తరం పని అయిపోయింది, ఇక పోయేది ఒక్క నా గౌరవమే. పళ్లెం వెనక్కి తిప్పుకొని వచ్చేశాను.

రెండేళ్ల కింద ఆయన పోయాడని గిద్దలూరులో ఉండగా తెలిసింది. క్యాంపు ఉందని చెప్పి మట్టికి పోలేదు. క్యాంపు ఉన్న మాట నిజమే.

బస్సు దిగిన ఆ వారం రొట్టె విరిచే ధైర్యం నాకు లేకపోయింది. మా పల్లె సంఘానికి కబురు పంపాను. బల్ల ఆదివారం నాడు వెళ్లి, ప్రసంగపీఠం ఎక్కకుండా, ఆపబడినవాళ్లు నిలబడే చోట నిలబడి, డబ్బా సంగతి, ఆముదం సంగతి, నేనేనండి అన్న సంగతి, అన్నీ చెప్పాను. ముసలివాడైన ఆ సంఘపెద్ద ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. పళ్లెం నన్ను దాటి పోయింది.

అయ్యాక బయట మా అత్త, ఆయన భార్య, నా కోసం ఆగి ఉంది. కాళ్ల మీద పడబోతే భుజం పట్టి లేపింది.

"నాకు తెల్దా అల్లుడా? ఆ పొద్దు ఇంటికి వస్తానే చెప్పినాడు. పిల్లోడు బెదిరినాడు, చెప్తాడులే అన్నాడు."

"కోపం రాలేదా అత్తా?"

"నాకొచ్చింది. ఆయన యాడ రానిచ్చినాడు." కొంగు సరిచేసుకుంది. "బల్ల ఆదివారం వస్తే చాలు, తెల్లారకముందే నీళ్లు కాచమనేవాడు. తెల్లబట్ట తియ్యమనేవాడు. ఆపేసినారు గదా, ఇంక నీకెందుకయ్యా ఈ సోకు అని నేను తిట్టేదాన్ని."

"ఏమనేవాడు?"

"'ఈ పొద్దు చెప్తాడేమో. పిలిస్తే మాసిన గుడ్డతో ఎట్ల పొయ్యేది?' అనేవాడు."